రెండంగుళాలు

లాసన్స్ బే కాలనీలో ఇల్లు కూల్చేస్తున్నారని
కాంట్రాక్టరు ఫోన్ చేస్తే
మార్కండేయులు గారు టిఫిను మానేసి బయల్దేరారు.
చంకలో పాత డ్రాయింగు గొట్టం, జేబులో మడత స్కేలు.
చావుకి వెళ్తున్నట్టు లేరు.
పరీక్ష ఫలితాలు చూడబోయే కుర్రాడిలా
నా స్కూటరు వెనక, మాటా పలుకూ లేకుండా.

డెబ్బై తొమ్మిదిలో గీశారు దాన్ని.
సముద్రం వైపు గోడంతా కిటికీ కావాలని
పోర్టులో పైలట్ చేసిన ఇంటాయన పట్టు.
ఈయన ఇవ్వలేదు.
"సముద్రం చూడాలంటే రోడ్డు దాటండి,
ఇంట్లోకి గాలి చాలు" అని
నైరుతి గాలి మెట్ల మీదుగా ఎక్కొచ్చి
వంటింటి సెగని వెంటబెట్టుకు పోయేలా
రెండు వెంటిలేటర్ల కోసం మూడు నెలలు తగువాడారు.
వాస్తు సిద్ధాంతి అడ్డం తిరిగితే
మే నెల మధ్యాహ్నం పిలిచి
ఆ మెట్ల మీదే కూర్చోబెట్టారట.
సిద్ధాంతి నిద్రపోయాడు.
తగువు తీరింది.

ఈ ఊళ్లో ఆయనవి అరవై రెండు ఇళ్లు.
ఒక్కదాని మీదా పేరుండదు.
గుర్తుపట్టాలంటే వానలో చూడాలి,
చూరు నీళ్లు గోడని ముట్టకుండా దూకుతాయి.
హుద్‌హుద్ వెళ్లిన తెల్లారి
పడిన చెట్ల మీంచి సైకిలు ఎత్తి దాటిస్తూ
అరవై రెండింటికీ తిరిగి
ఎగిరిన పెంకులు లెక్క రాసుకున్నారు.
ఏ ఇంట్లోనూ కాఫీ తాగలేదు.

జేసీబీ పన్ను దిగింది.
పడమటి గదుల్లో చువ్వలు
నిన్ననే లారీ దించినట్టు నీలంగా ఉన్నాయి.
తూర్పు దూలంలో మాత్రం
పొరలు పొరలుగా, కాలిన పూతరేకులా.
నలిపితే అరచేతినిండా
భీమిలి దారిలో దిబ్బల రంగు.

ఆయన స్కేలు పెట్టారు.
చువ్వకీ గాలికీ నడుమ అంగుళం.
"రెండుండాల్సింది" అన్నారు.
నలభై అయిదేళ్లు ఆ దూలం కింద
ఎవరెవరు పడుకున్నారో లెక్కపెడుతున్నట్టు
పెదాలు కదిలాయి.

ఇటుకలు ఏరుకుంటున్న నీలమ్మ నడుం ఎత్తింది.
అప్పుడీ ఇంటికి తట్ట మోసిన మనిషి.
"నీ కొలతది కాదు బావూ.
ఆ దూలం పోసిన్రోజు టేంకరు రానేదు.
మేస్త్రి గెడ్డ పక్క నూతిలో నీల్లు తోడించీసినాడు.
మాం తాగలేకపోనాం ఆ నీల్లు.
సిమ్మెంటు తాగీసింది."

ఆయన కూలిన మెట్టు మీద కూర్చుని గొట్టం విప్పారు.
పసుపెక్కిన ట్రేసింగు కాగితం
గాలికి లేవకుండా నేను నాలుగు పెంకులు పెట్టాను.
తూర్పు దూలం పక్కన ఒకటి కొట్టేసి రెండు వేశారు.
కింద, చీమ తలకాయల్లాంటి అక్షరాల్లో:
"నీళ్లు ముందు నాలుకతో చూడాలి. చెప్పినది నీలమ్మ."
ఇంటిపేరు అడిగి అదీ రాశారు. తేదీ వేశారు.
లేని ఇంటికి సవరణ ఎందుకని
నేనడగలేదు.

సోమవారం మధురవాడ సైట్‌లో స్లాబు.
ట్యాంకరు ఆగగానే
అందరికంటే ముందు దోసిలి పట్టిందాయనే.
పుక్కిలించి, కాసేపు ఆగి, ఊసి,
మిల్లరు వైపు తలూపారు.