పీట ఏదిరా

నేను రాసింది తాత చావు గురించి.
నూట పన్నెండు పేజీలు, ఒక శవం, వాన.
త్బిలిసీ స్టూడియోలో నుగ్జార్ పుస్తకం మూసి
కళ్ళు తుడుచుకున్నాడు.
"అద్భుతం షాల్వా. కాకపోతే
ఈ ఏడాది చావుల కోటా అయిపోయింది.
పెళ్ళి చేద్దామా?"

అట్లా మా తాతకి
పోయిన పదకొండేళ్ళకి పెళ్ళయింది.

కథలు కంచికి వెళ్తాయంటారు.
నాది మాస్కో వెళ్ళింది, రైల్లో, మూడుసార్లు.
వెళ్ళినప్పుడల్లా కాస్త చిక్కి వచ్చింది.
మొదటిసారి దేవుణ్ణి దింపేశారు.
రెండోసారి వానని:
సమష్టి క్షేత్రంలో ద్రాక్షకోతప్పుడు వాన
నిరాశావాదమట.
మూడోసారి ఏం తీశారో
నాకూ నుగ్జార్‌కీ ఇవాళ్టికీ తెలీదు.
పన్ను ఊడిన చోట నాలుక తడుముకున్నట్టు
ఇద్దరం వెతుక్కునేవాళ్ళం.

సెప్టెంబరులో కఖేతీలో షూటింగు.
విందు సీనుకి వైను బదులు చల్లారిన టీ పోశారు.
పీపాలు చేసే ముసలి పార్మెన్
గ్లాసెత్తి, వాసన చూసి, కింద పెట్టేశాడు.
"పోయినవాళ్ళ పేరు మీద టీ తాగను."
"ఇది పెళ్ళి సీను తాతా!"
"పెళ్ళిలో వాళ్ళని పిలవరా ఏమిటి మీ ఊళ్ళో?"
అసలు వైను తెచ్చారు.
ఎనిమిదో టేకుకి కెమెరామెన్ కూడా పాడుతున్నాడు.
ఫోకస్ ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి,
ఆయన్నేమో అప్పటికే కట్ చేశారు.
గాడిద ఒక్కటే
తన డైలాగు మర్చిపోలేదు.

ఆ సాయంత్రమే సామాన్ల అంబ్రోసి
మా మేనత్త పెపెలా గుమ్మంలో నిలబడి
మూడుకాళ్ళ పీట అడిగాడు.
"రేపు పొద్దున్నే ఇచ్చేస్తానమ్మా."

విడుదల రోజు
తెర మీద నా పేరు తప్పు పడింది.
నల్లకొంగు కప్పుకుని అత్త నా పక్కనే,
నాట్యాలకి కదల్లేదు, ముద్దుకి తల తిప్పుకుంది.
ఉన్నట్టుండి లేచి నిలబడి,
"అదుగో నా పీట!"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.
తర్వాత చూశాను.
పెళ్ళికూతురి తల్లి, లావుపాటి నటి, దాని మీద కూర్చుని
ఎడమకి కొంచెం ఒరిగి ఉంది.
ఒక కాలు పొట్టి ఆ పీటకి.
నలభై ఏళ్ళు తాత అలాగే ఒరిగి
కత్తి నూరుకునేవాడు.
నూట పన్నెండు పేజీల్లో
ఆ ఒరుగు రాయలేదు నేను.

ఇప్పుడు ఇంకో నవల రాశాను, అందరూ నవ్వుకునేది.
నుగ్జార్ తనని కాస్త సన్నంగా రాయాల్సిందన్నాడు.
పార్మెన్, ఏ ఏటి వైనో రాయలేదేమని కోప్పడ్డాడు.
అంబ్రోసి మాత్రం ఇచ్చేశానంటాడు, ఒట్టేసి.

అత్తకి మొదటి ప్రతి తీసుకెళ్ళాను.
అటూ ఇటూ తిప్పి చూసి, బరువు చూసి,
పొయ్యి పక్కన ఖాళీగా ఉన్నచోట పెట్టి
అడిగింది,
"పుస్తకం సరే, పీట ఏదిరా?"