పోలిక కోసం

తవిటయ్య ఎడంచేతి లోపలివైపు
మినపగింజంత చర్మం తీశారు.
నా చేతిలోనూ అంతే.
వాడిది జబ్బు నమూనా, నాది పోలిక నమూనా అని
శ్రీకాకుళం ఆసుపత్రిలో రెండు సీసాల మీద
రెండు చీటీలు అంటించింది డాక్టరు కుసుమలత.
ఒక కడుపున పుట్టిన రెండు గింజలు
ఐసుపెట్టెలో పక్కపక్కన కూచుని
ఆమదాలవలసలో బెంగుళూరు రైలెక్కాయి.

సంతకం వాడే పెట్టాడు. ఇంటిపేరుతో సహా,
చివర చుక్క కూడా.
కాగితం తిరిగిచ్చేస్తూ అన్నాడు:
"మందులు ముందు ఆటికే ఎయ్యండి.
నోరెండిపోతాదో లేదో ఆటినడగండి.
తొమ్మిదేళ్ల నుండీ నన్నే అడుగుతున్నారు."

అక్కడ చర్మాన్ని వెనక్కి నడిపిస్తారట.
తను చర్మమని తనకే తెలియని రోజుకి,
అమ్మ కడుపులో మేమింకా
ఏదీ కాని వారానికి.
అక్కణ్ణించి మెల్లగా మెదడు వైపు మళ్ళిస్తారట.
నాకు సరిగ్గా చెప్పడం చేతకాక
అమ్మకి పొందూరు మాటల్లో చెప్పాను:
నూలు విప్పి ఏకు చేసి, ఏకు విప్పి దూది చేసి,
దూదిని మళ్ళీ కాయలో పెట్టి,
ఆ కాయలోంచి వేరే నూలు తీస్తారు, అలాగ.
"కాయలోకెల్లిన దూది మల్లీ ఒస్తాదేటి?" అంది
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతూ.

దువ్వుతోంది గాని వడకడం లేదు.
వడికి పదకొండు నెలలు.
కదురు తిరిగితే ఆ గుయ్యిలో
ఎవరో పేరుపెట్టి పిలుస్తున్నారన్నాడు వాడు,
ఒకోసారి నాన్న గొంతుతో,
ఒకోసారి ఎవరిదో తెలీని ఆడగొంతుతో.
ముందు పుట్టినవాళ్ళు దక్కక
తవుడిచ్చి కొనుక్కున్న పేరది,
ఎవరు పడితే వాళ్ళు పిలవడానికి కాదని
రాట్నం ఎత్తి అటక మీద పెట్టేసింది అమ్మ.
దువ్విన పత్తి ఈరమ్మ పట్టుకుపోతుంది,
ఏకులు చేసి అరటిదొప్పలో దాచుకుంటుంది.
మాకు కూలి సగం.

ఎనభయ్యో రోజున ఫోన్లో ఫొటోలొచ్చాయి.
నల్లటి నీళ్లలో ఆకుపచ్చ పోగులు,
పోగూ పోగూ తగిలేచోట ఎర్రచుక్కలు.
ఆ చుక్కలే లెక్కపెడతారట, తగ్గాయా అని.
చీటీలు లేవు. ఏది వాడో ఏది నేనో
లెక్కపెట్టేవాళ్లకి కూడా తెలియకూడదట.

అమ్మ ఫోను దూరం పెట్టుకుని, దగ్గర పెట్టుకుని,
నలకుందేమోనని కొంగుతో తుడిచింది.
నూరో నెంబరు నూలులో తెగబోయే చోటుని
చీకట్లో వేలితో పట్టేసే మనిషి.
ఒకదాని మీద ఆ వేలు ఆగింది.
ఏ ఫొటో మీదో నేను చూశాను. ఇక్కడ రాయను.
తవిటయ్య తొంగిచూసి
"ఇదేటి, సాలిగూడులాగుంది" అని
పెరట్లోకి పోయి ఆనపాదుకి నీళ్ళు పోశాడు.

అప్పుడడిగింది అమ్మ, గొంతు తగ్గించి:
"ఆ గిన్ని కాడ సద్దేటీ లేదు గదే?
రాట్నాలేటీ తిప్పరు గదా?"
లేదమ్మా, తలుపులేసుంటాయి,
వెచ్చగా ఉంటుంది అన్నాను.
ఆ వెచ్చదనం ఇచ్చే పెట్టె
రాత్రీ పగలూ ఆగకుండా
గుయ్ మంటూనే ఉంటుందని
డాక్టరమ్మ చెప్పింది నాకు.
అది చెప్పలేదు.