మంచు తీసిన బరువు

సాయంత్రం నాలుగింటికే చీకటి పడే గ్రిమ్స్‌బీలో
రొయ్యల ఫ్యాక్టరీ టీ గదిలో
గ్లెండా తన ఫోను నా ముందుకు తోసింది.
"నీ జీతం కొట్టు చూద్దాం.
ఇంట్లో ఒక్కదానివే అని కూడా కొట్టు."

కొట్టాను.
లోకమంతా ఒక వరుసలో నిలబడితే
నూరు మందిలో తొంభై మంది నా వెనకేనట.
తెర మీద చిన్న పచ్చ బొమ్మ
కొండ కొసన చెయ్యెత్తి నుంచుంది.
అది నేనట.

"మహారాణీ, బిస్కెట్ అందుకో" అంది గ్లెండా.
తనకి నాకంటే అర పాయింటు ఎక్కువొచ్చింది,
గంటకి ఇరవై పెన్నీలు ఎక్కువ మరి.
ఇద్దరం ఒకే టీ సంచీని రెండు కప్పుల్లో ముంచాం.

మహారాణి ఇంట్లో కరెంటు మీటరు
ముందు డబ్బు పోస్తేనే తిరుగుతుంది.
శుక్రవారం ఐదు పౌన్లు పోస్తే
ఆదివారం తలస్నానం మధ్యలో ఆగిపోతుంది.
రాత్రి ఎనిమిదికి సూపర్‌మార్కెట్లో
పసుపు చీటీలంటించే కుర్రాడి వెనక
సగం ధర రొట్టె కోసం ఇంకో వరుస.
అందులో నేను ఎన్నోదాన్నో ఏ ఫోనూ చెప్పదు.
మొన్న నా ముందు ఒక రిటైరైన టీచరమ్మ.
ఇద్దరం పైకప్పు దీపాలు చూస్తూ నిలబడ్డాం.

నాకు తెలిసిన తూకం ఒకటే,
లైను పక్కన గోడ మీద రాసుంటుంది:
రొయ్యని మంచుతో తూచకూడదు.
నీళ్ళలో ముంచి, పైపొర కరిగించి,
జల్లెడలో వార్చి
అప్పుడెన్ని గ్రాములో అదే బరువు.

జీతాన్నీ అలాగే తూచాను.
అద్దె కరిగింది. బస్సు పాసు కరిగింది.
కౌన్సిలు పన్ను, మీటరు,
బూట్ల కోసం దాచుకున్నది
బొట్టు బొట్టుగా కారిపోయి
అరచేతిలో మిగిలింది
ఇంత రొయ్య.

చూశావా, అందామని గ్లెండా వైపు తిరిగేసరికి
గంట మోగింది.

లైను మీదికి కొత్త పెట్టె.
అట్ట మీద తడికి ఉబ్బిన అక్షరాలు: కాకినాడ.
ఒలిచిన తేదీ.
ఒలిచిన మనిషి గడిలో ఒక అంకె, నలభై ఏడు.

నలభై ఏడూ, నీ పేరేమిటి?
తెల్లారకుండానే ఫ్యాక్టరీ వ్యానెక్కుతావా?
కిలోకి ఎంతిస్తారు?
ఐసుకి నీ గోళ్ళ కింద కూడా ఒరుసుకుపోతుందా?
ఆ తొంభై మందిలో
నా వీపు నీకు కనబడేంత దగ్గరా,
లేక కొండే కనబడనంత దూరమా?

నీకూ అద్దె ఉంటుంది, గ్యాసు బండ ఉంటుంది.
నీ మంచు ఎంత మందమో నాకు తెలీదు.
కరిగాక రొయ్య మిగులుతుందో
ఉత్త నీళ్ళే మిగులుతాయో.

ఆ పూట ఒక పొట్లంలో
ఒక రొయ్య ఎక్కువ వేశాను.
ఎవరికని అడిగితే చెప్పలేను.

యంత్రం ఎర్రదీపం వెలిగించి
పొట్లాన్ని వెనక్కి నెట్టింది.