గడి ఖాళీగా వదలరాదు

పెద జాలరిపేట, మూడో సందు, పదకొండో ఇల్లు.
మెళ్లో గుర్తింపు కార్డు, చేతిలో సర్కారు వారి ట్యాబ్.
అద్దం ఓ మూల పగిలింది. ఆ పగులెప్పుడూ
'ఆదాయం' అన్న మాట మీదుగానే పోతుంది.

గడచిన ముప్పై రోజుల్లో బియ్యం ఎన్ని కిలోలు?
కొన్నవా, రేషనువా, సొంతంగా పండినవా?
చోడిపల్లి కొర్లమ్మ నవ్వింది.
"సముద్రంలో వరి పండదు కదమ్మా.
కోటా బియ్యమని రాసీ."

చేపలు?
"మాం చేపలు కొనడమేటి!"
అని కాసేపు నిటారుగా కూర్చుని
గుమ్మం బయటికి చూసి, గొంతు తగ్గించి
"మొన్న కొన్నాను. పావుకిలో.
ఎవులికీ సెప్పకు" అంది.

సున్నా పాయింటు రెండు ఐదు.
దేశానికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మంచుగడ్డల్లో రొయ్యలు ఒలిచిన వేళ్లు ఆవిడవి.
మూడు నెలలుగా పొడిగా ఉన్నాయి.
అవతలి ఒడ్డున ఎవరో సంతకం పెడితే
ఈ ఒడ్డున షెడ్డు గేటు పడింది.
"సుంకమంటే ఏటమ్మా?
మా రొయ్య ఆళ్లూరు ఎల్తే ఆళ్లకి కట్టే అద్దా?"
మా నాలుగు రోజుల శిక్షణలో
ఈ పాఠం లేదు.

వడ్డీ పావు శాతం తగ్గించారని టీవీలో వస్తోంది, పక్కింట్లో.
మంగళవారం మంగళవారం వచ్చే ఫైనాన్సు కుర్రాడికి
ఆ కబురింకా చేరలేదు.

*

కూర్మన్నపాలెంలో దేముళ్లు గారు
కుర్చీ తుడిచి వేశారు.
వృత్తి?
"బ్లాస్ట్ ఫర్నేసు. పద్దెనిమిదేళ్లు. కాంట్రాక్టు."
అది కాదండీ, గడచిన ఏడు రోజుల్లో.
"బండి మీద పార్సిళ్లు."
రెండూ పట్టవు గడిలో, ఒకటే నొక్కాలి.
నొక్కాను. 'స్వయం ఉపాధి' అని పచ్చగా వెలిగింది.
గోడకి పసుపు హెల్మెట్ బోర్లా వేలాడుతోంది,
దాన్నిండా ఉల్లిపాయలు.
"స్వయం ఉపాధి," అన్నారాయన.
మళ్లీ ఒకసారి అన్నారు.
"మాట బాగుందండీ."

*

అంతా బూటకమని నేననను.
సాయంత్రం బీచ్ రోడ్డు మీద బస్సు కిటికీలోంచి
బయట లంగరేసిన ఓడల్ని లెక్కపెడతాను. నిన్న పద్నాలుగు.
కొర్లమ్మ ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది,
మనవరాలు పాలిటెక్నిక్ రెండో ఏడు.
ఇరవై ఏళ్ల కిందటి ఫారాల్లో ఆ ఇంటికి
కరెంటు గడిలో 'లేదు' అని ఉండి ఉంటుంది.
పెరిగింది. పెరిగిన మాట నిజం.
ఎవరి కొలతబద్దతో, అన్నదే
ఎవరూ నన్ను అడగమనలేదు.

మధురవాడ దాటాక ఒక కొండని చదును చేస్తున్నారు.
కంప్యూటర్లు పడుకునే గిడ్డంగి కడతారట.
భూమి ఎకరాల్లో చెబుతారు, కరెంటు మెగావాట్లలో,
నీళ్లు లక్షల లీటర్లలో.
మనుషులెంతమంది అని గేటు దగ్గర
ఒక ఇంజినీరింగు కుర్రాడి తల్లి అడిగితే
కాపలావాడు తన్నూ, తోటివాణ్నీ చూపించాడు.

*

రాత్రి కాంప్లెక్సులో సిగ్నలు బాగుంటుంది.
ఇరవై ఎనిమిదో నంబరు బస్సు కోసం చూస్తూ
రోజు పోగుచేసినదంతా పైకి పంపుతాను.
ఈ నెలాఖరుతో నా ఒప్పందమూ అయిపోతుంది,
వచ్చే విడత మా వీధి నమూనాలో పడితే
నా వృత్తి గడిలో ఏం నొక్కుతారో.

గుండ్రం తిరిగి తిరిగి ఆగింది.
ఎర్రటి పెట్టె ఒకటి తెరుచుకుంది:
'మత్స్యకార కుటుంబం. చేపలు: కొనుగోలు.
ఈ విలువ అసాధారణంగా ఉంది. సరిచూశారా?'

ఇన్ని ఇళ్లలో, ఇన్ని నెలల్లో
ఢిల్లీ నన్ను అడిగిన ప్రశ్న ఇదొక్కటే.

బస్సు వచ్చేసింది.
ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి
'అవును' నొక్కాను.