రానిదాని లెక్క

నర్సాపురం రేవులో మొదటి పంటి దిగిన జనంలో
సగంమంది మంగళవారం నా గదికే వస్తారు.
చెప్పులు గడప బయట, గొడుగులు కిటికీ చువ్వలకి.
కెజియా సిస్టరు జబ్బకి పట్టీ చుడుతూ
"మాట్లాడకండి, కాలు మీద కాలు తియ్యండి" అంటుంది.
కాలు తీస్తారు. మాట్లాడుతూనే ఉంటారు.

ఓలేటి ధనమ్మకి పైది నూట డెబ్భై రెండు.
"ఉప్పు తగ్గించాలమ్మా" అన్నాను.
తల మీంచి దింపిన గంపవైపు చూసింది:
నెత్తళ్ళు, సావిడాయలు, ఉప్పు పట్టించిన మాగ ముక్కలు.
"అమ్మగా మిగిలిందే కూరండి. ఇది మానేసి ఏటి తినను?"
జవాబు లేక మాత్ర రాశాను.
చీటీ వెనక చిన్న చెంచా బొమ్మ గీసి
రోజంతటికీ ఇంతే, అన్నిట్లోనూ కలిపి, అని రాశాను.
ఆవిడకి చదువు రాదని
ఆవిడ వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

గోడమీద రంగుల గళ్ళ పటం.
వయసు, చుట్ట, పోటు, చక్కెర
వేలు జరుపుకుంటూ పోతే ఒక గడి దగ్గర ఆగుతుంది.
లాకుల లస్కరు గెడ్డం పల్లయ్య వేలు
ఎరుపులో ఆగింది.
"అంటే ఏటండీ?"
"మీలాంటివాళ్ళు వందమందుంటే
పదేళ్ళలో ముప్ఫైమందికి గుండెపోటో, పక్షవాతమో."
"ఆ ముప్ఫైలో నేనున్నానా?"
"తెలీదు."
"మరి మాత్ర నాకెందుకండీ?"

ఎనిమిదేళ్ళు చదివాను.
ఈ ప్రశ్న ఏ పరీక్షలోనూ రాలేదు.
పల్లయ్యే గొంతు సవరించుకున్నాడు.
"ఎర్రనీళ్ళు దిగాక ఏటిగట్టు మీద
రాత్రుళ్ళు లైటట్టుకు తిరుగుతామండి.
ఎలకబొక్క కనబడితే పూడ్చేస్తాం.
ఆ బొక్కే గండి పడేదని ఎవుడు చెప్పాడు?
ఆయ్, ఇలాగివ్వండి."
మాత్రలు జేబులో వేసుకున్నాడు.
చుట్ట చెవిసందులో అలాగే ఉంది.

సత్తిరాజు గారు మాత్రం రాలేదు.
నలభై నాలుగేళ్ళు, నాలుగు రొయ్యల చెరువులు,
రాత్రంతా ఏరియేటర్ల హోరు, ఫ్లాస్కులో టీ, సిగరెట్టు మీద సిగరెట్టు.
పంటి మీద కనబడితే నేనే అడిగాను,
ఒక్కసారి చూపించుకోండని.
"పట్టుబడి అవ్వనివ్వండి మేడమ్."
చెరువు నీళ్ళకి రోజుకి రెండు పరీక్షలు చేయించే మనిషి.
పట్టుబడి అయింది. కౌంటు ముప్ఫై, మంచి రేటు.
ఆ తెల్లవారుజామునే
గట్టు మీద, ఐసు పెట్టెల పక్కన, చెయ్యి ఎడమ రొమ్ము మీద.
పంటి ఈ ఒడ్డున ఉంది.
అది వెళ్ళి, కారెక్కించుకుని, తిరిగొచ్చేసరికి
నా రిజిస్టర్లో ఆయన పేరు
మొదటిసారి రాయాల్సి వచ్చింది.

చావుకి గడి ఉంది రిజిస్టర్లో.
మూతి వంకరపోయినందుకు, చెయ్యి పడిపోయినందుకు గళ్ళున్నాయి.
రానిదానికి లేదు.
రాని పోటుని ఏ తేదీ కింద వెయ్యను?
ఎవరికి రావలసిందో, ఎవరి దగ్గర ఆగిందో
వాళ్ళకీ తెలీదు, నాకూ తెలీదు.
ఆగినందుకు అరటిగెల పట్టుకొచ్చేవాడు ఎవడూ లేడు.

ఈ వారం ధనమ్మకి నూట ముప్ఫై ఎనిమిది.
కెజియా రెండోసారి చూసింది, నమ్మక.
"ఎండుచేపని రాత్రే నానబెట్టి
రెండు నీళ్ళు పారబోసి వండుతున్నానండి.
మా మనవరాలు మీ చెంచా బొమ్మ
ఉప్పు డబ్బాకి అంటించింది.
చప్పగానే ఉంటది. తినేత్తన్నాం."
నేను చెప్పని మందు.
రాసుకున్నాను, రేపు ఇంకొకరికి చెప్పడానికి.

సాయంత్రం రేవులో నిలబడితే
అరవై ఒక్కమంది పంటెక్కుతున్నారు,
సైకిళ్ళతో, ఖాళీ గంపలతో, కాగితం పొట్లాల్లో నెలకి సరిపడా మాత్రలతో.
వీళ్ళలో ఈపాటికి ఉండకూడనివాళ్ళు ఎవరో
వశిష్ఠకి కూడా తెలిసినట్టు లేదు,
అందరినీ ఒకే బరువుగా మోస్తోంది.

చివర పల్లయ్య.
చుట్ట వెలిగించబోయి, నన్ను చూసి
గబుక్కున వీపు వెనక దాచాడు.