నెమలికంఠం రంగు ఫ్రిజ్జు

కాకినాడ ఐసు ఫ్యాక్టరీలో
రంపప్పొట్టు కప్పి దిమ్మలు మోసినవాణ్ణి.
దహ్రాన్‌లో దిగేనాటికి నాకొచ్చిన విద్య ఒక్కటే:
చలి ఎటునుంచి కారిపోతోందో పట్టుకోవడం.
రామానుజులు అనే పేరులో
తోక మాత్రమే తిరిగింది వాళ్ళ నోట.
జూలు.
పలికేవాణ్ణి. జీతం పూర్తి పేరుమీదే వచ్చేది కదా.

కంచె లోపల అమెరికా.
గడ్డి విత్తనాలు ఓడలో వచ్చాయట, మన్ను కూడా.
సాయంత్రం నాలుగింటికి నీళ్ళ గొట్టాలు గిర్రున తిరుగుతుంటే
ఇసుకగాలి కంచె దాకా వచ్చి
చెప్పులు విప్పి రావాలేమో అన్నట్టు ఆగేది.
ఇళ్ళన్నీ ఒకే అచ్చున పోసినవి.
ఒక్క వంటింట్లో రొట్టె మాడితే
వీధి వీధంతా మాడినట్టుండేది.

నాది వెనక గుమ్మం.
తలనిండా చుట్టలు బిగించుకున్న ఆడవాళ్ళు
పేకాట మధ్యలో కాళ్ళు పైకెత్తేవారు,
నేను వైరు లాక్కోవడానికి.
మాటలు మాత్రం ఆపేవారు కాదు.
అందుకే నాకన్నీ తెలుసు:
ఎవరి మొగుడు గరాజులో సారా కాస్తున్నాడో,
ఎవరికి నిద్రమాత్ర లేనిదే తెల్లారదో,
తొమ్మిదో క్లాసు దాటిన పిల్లల్ని బేరూతు బళ్ళోకి పంపేశాక
ఖాళీ మంచం మీద దుప్పటి
రోజూ ఎవరు మారుస్తున్నారో.

దుప్పటి మార్చేది లోరేన్ ఓల్సన్.
ఆ ఏడే టైపు నేర్చుకుని ఆఫీసులో చేరింది.
మొగుడు నాలుగు రోజులు మాట్లాడలేదు.
ఐదోనాడు నాకు ఫోను: ఫ్రిజ్జు పనిచెయ్యడం లేదని.
వెళ్ళి చూస్తే యంత్రం నిక్షేపంగా ఉంది.
లోపల వండిందేమీ లేదు, అంతే.

మొదటి జీతాలు కూడబెట్టి ఆవిడ కొత్తది తెప్పించింది,
నెమలికంఠం రంగుది.
తలుపు తీస్తే వెలిగే దీపాన్ని
నాకు రెండుసార్లు తీసి చూపించింది.
పాత తెల్లదాన్ని, "తీసుకుపో జూలు" అంది.

మా బారకాసులో చోటులేదు.
నా చేతికింద పనిచేసే ఫర్హాన్
గాడిదబండి మీద తన పాకకు తోలుకుపోయాడు.
ఈతమట్టల పాక. కరెంటు లేదు.
వాళ్ళమ్మ దాంట్లో ఖర్జూరాలూ బియ్యమూ
చిన్నవాడి పలకా దాచేది.
చీమలు పట్టవని మెచ్చుకునేది.
మూడు గుణింతాల జనానికి మూడు మంచినీళ్ళ కుళాయిలు మాకు.
ఫర్హాన్ కుళాయి ఎండలో ఉండేది.
"అందరిదీ ఒకే నూతి నీరు కదా" అన్నాడొకసారి, నవ్వుతూనే.

జూన్‌లో బస్సులు ఖాళీగా తిరిగాయి.
ఫర్హాన్ ఎక్కలేదు. వాళ్ళ వాడలో ఎవరూ ఎక్కలేదు.
నేను ఎక్కాను.
ఆ రోజు పదకొండు ఫ్రిజ్జులు బాగుచేశాను.

మరో వారానికి ఆఫీసులో ఎయిర్‌కండిషనర్ చూడ్డానికెళ్తే
లోరేన్ టైపు చేస్తూ తలెత్తింది.
గోళ్ళకు కొత్త ఎర్రరంగు.
"జూలు, ఫర్హాన్‌లో హెచ్ ఎక్కడొస్తుంది?"
చెప్పాను.
ఇంకో నలుగురివి అడిగింది.
అవీ చెప్పాను.
"థాంక్యూ" అంది. ఆ ఊళ్ళో ఆ మాట
నాతో అన్న మొదటి మనిషి ఆవిడే.

మరుసటేడు, ఆకాశంలో రష్యావాళ్ళ బంతి తిరుగుతోందని
క్యాంపంతా పచ్చిక మీద నిలబడి మెడలు నొప్పెట్టేలా చూసిన
ఆ శీతకాలంలోనే
మట్టల పాకల్లోకి తీగలు వచ్చాయి.
నేనే వెళ్ళి ప్లగ్గు పెట్టాను.
గర్రుమని ఓసారి దగ్గి, నడిచింది.
ఫర్హాన్ ఎక్కడున్నదీ వాళ్ళమ్మ చెప్పలేదు,
నేనడగలేదు.

మొదటి ఐసుముక్క ఆవిడ అరచేతిలో పెట్టాను.
మొత్తం కరిగేదాకా చూసింది.
మోచేతి దాకా కారిన నీళ్ళు తుడుచుకోకుండా
"ఇంకోటి ఉందా?" అంది.

ఉందన్నాను.