చేతిరాతలు

నవంబరు ఆఖరి ఆదివారం, మధ్యాహ్నం పన్నెండుకి
పెట్టె తాళం తీశాం.
బళ్ళో పిల్లల బల్లల కింద మోకాళ్ళు పట్టక
ఐదుగురం, మాస్కుల్లో.
కిటికీలు బార్లా తెరిచామేమో
ఎంగదీన్ మంచుగాలి దూసుకొచ్చి
కాగితాలు తనే లెక్కపెడతానంటోంది.

మా దేశంలో ఓటంటే గుర్తు కాదు, ముద్ర కాదు.
గడిలో స్వదస్తూరీతో మాట రాయాలి.
అవునంటే షి. కాదంటే నా.
ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఊరికి ఉత్తరాలు పంచినదాన్ని,
నా ముందు రహస్య ఓటనేది
ఉత్త మర్యాద.

ఇవాళ్టి ప్రశ్న, అంటువ్యాధి చట్టం ఉండాలా వద్దా.
ఫోనులో గళ్ళబొమ్మ చూపించినవాణ్ణే
హోటల్లోకి రానివ్వాలా వద్దా.

మెంజా తన హోటలు గుమ్మంలో నిలబడి
సెప్టెంబరు నుంచీ ఆ గళ్ళబొమ్మలు చూస్తోంది.
ఈ మెంజాయే, ముప్పై ఏళ్ళ కిందట,
సర్కారు మనుషుల మీద చాటుగా కార్డులు రాస్తోందని తెలిసి
బెర్న్ దాకా వెళ్ళి గొంతు చించుకుంది,
పక్కన జెండా కర్రతో యాఖెన్.
తన కార్డు తెప్పించుకుంది కూడా.
సగం మీద నల్లసిరా పూశారు.
మిగతా సగంలో ఒకటే వాక్యం:
రాత్రి రెండింటికి వంటింట్లో దీపం.
'పిల్లకి కడుపునొప్పి,' అంది మెంజా,
'కుట్ర పన్నింది దాని పొట్ట.'

ఆ పిల్ల సెరైనా ఇప్పుడు కింది ఊరి ఆసుపత్రిలో నర్సు.
పోయిన చలికాలమంతా
ఊపిరందని మనుషుల్ని బోర్లా తిప్పి తిప్పి
మణికట్లు వాచాయి.

గుమ్మం అవతలే నిలబడి యాఖెన్ అడిగాడు:
'అది కార్డయితే ఇదేమిటి?
అప్పుడు వాళ్ళు దొంగచాటుగా రాసుకున్నారు,
ఇప్పుడు నువ్వు పట్టపగలు చదువుతున్నావు.'
మెంజా అంది: 'మార్చిలో నువ్వేం రాశావు?
వీధిలో ముఖం కప్పుకోకూడదన్న చట్టానికి?
అప్పుడు ముఖం సర్కారుది,
ఇప్పుడు నీ సొంతమా?'

అతను జవాబు చెప్పలేదు.
కడవంత ఆవుగంట భుజానికి తగిలించుకుని
వీధి చివరిదాకా మోగించుకుంటూ పోయాడు.

లోపల కాఫీ తాగుతూ నేను తల దించుకున్నాను.
మార్చిలో నేనూ షి అనే రాశాను,
ముఖం దాచుకోకూడదని,
మాస్కు పెట్టుకుని.
అలా కప్పుకున్న మనిషిని ఈ లోయలో ఒక్కరినీ చూడలేదు.
ఎందుకు రాశావంటే
అందరూ అంటున్నారు గనక.
అందరూ అంటే, ఉత్తరాలు పంచిన నాకైనా
ఒక్క చిరునామా తెలీదు.

మూడో కట్టలో యాఖెన్ కాగితం దొరికింది. నా.
ఎంత గట్టిగా రాశాడో,
పెన్ను చీల్చుకుపోయి
ఆ ఒక్క అక్షరం కిటికీలా తెరుచుకుంది.
'చిరిగింది, చెల్లదు,' అన్నాడు అధ్యక్షుడు కష్పర్.
నేను వెలుతురుకి ఎత్తి చూపించాను.
మాట కనిపిస్తోందిగా, చెల్లుతుంది, అన్నాను.
నేను రాసిన షి ని కొట్టేసే కాగితం అది.
కష్పర్ నా వంక ఒకసారి చూసి
కట్టలో పెట్టాడు.

ఇక మెంజాది.
వాక్యం అయిపోయాక కూడా సాగే తోక,
ఎక్కడున్నా పోల్చుకుంటాను.
రెండు దొరికాయి.
తల్లి దగ్గర రాత దిద్దుకున్న కూతురికీ అదే తోక.
ఒకదాంట్లో షి.
ఒకదాంట్లో నా.
ఏ చెయ్యి ఏది రాసిందో,
గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్ళని చూసే చెయ్యా,
మంచం పక్కన నిలబడి పోయేవాళ్ళని చూసిన చెయ్యా,
తిప్పి చూశాను, దీపం కింద చూశాను.
ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి
ఆ పెట్టె నన్ను బయట నిలబెట్టింది.

నూట నలభై ఒకటి, నూట ముప్పై ఎనిమిది.
మా ఊరి వరకు షి, మూడోట్లతో.
లక్క కరిగించి కట్టలకి ముద్ర వేశాం.

ఇంటికి పోతూ చూశాను.
హోటలు బయట బెంచీ మీద యాఖెన్.
మెంజా మంచు తుడిచి కాఫీ పెట్టి
తనూ ఆ చివర కూర్చుంది.
లోపలికి రమ్మనలేదు. వస్తానని అతనూ అనలేదు.
'బెర్న్‌లో ఆ జెండా కర్ర నాది. తిరిగివ్వలేదు నువ్వు.'
'చిక్కుడు తీగకి పాతాను.'
'ఎవర్నడిగి?'
మళ్ళీ మొదలైంది.

లోపల గుమ్మం దగ్గర
ఎవరో కొత్త మనిషి, ఫోను పైకెత్తి పట్టుకుని,
చూసేవాళ్ళు లేక
అలాగే నిలబడి ఉన్నాడు.